చిరిగిన ఫ్లెక్సీకి టీకా తాత్పర్యం

అవతారిక

టీక రాయడానికి కూర్చున్నవాడు ముందుగా తన అర్హత చెప్పుకోవాలి. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ అనే ముక్కోణంలో నలభై ఏళ్లుగా బస్సుల్లో తిరిగి నడుం నొప్పి సంపాదించుకున్నవాణ్ని. నాకున్న పాండిత్యం అంతే. ఆధారం లేనిది రాయనని, అక్కర్లేనిది చెప్పనని కాళిదాసుకు వ్యాఖ్య రాసిన మన మల్లినాథసూరి నియమం పెట్టుకున్నాడు. అందులో మొదటి సగం నేనూ పాటిస్తాను. రెండో సగం పాటిస్తే ఈ వ్యాసమే ఉండదు.

గ్రంథం దొరికిన చోటు సూర్యాపేట బస్టాండు బయట, చాయ్ బండి పక్కన, రెండు వెదురు బొంగుల నడుమ. రాసిన వస్తువు తాటాకు కాదు, ఫ్లెక్సీ. బొంగులకు ఇంకా పచ్చదనం పోలేదు కనక గ్రంథం వయసు వారం లోపే. గ్రంథకర్త పేరు మిత్రబృందం.

మూలం

"వేల కిలోమీటర్ల రోడ్లు వేసి, వాగులకు వంకలకు వంతెనలు కట్టి, రహదారుల రంగానికే వెలుగుబాటగా నిలిచి, జీవన సాఫల్య పురస్కారం అందుకున్న శ్రీ ............ గారికి శుబాకాంక్షలు. ఇట్లు మిత్రబృందం: సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ."

పాఠ పరిష్కారం

"శ్రీ"కి, "గారి"కి నడుమ గ్రంథపాతం ఉంది. కారణం అడిగితే చాయ్ బండి ఆయన, "మొన్న గాలిదుమారానికి చినిగింది సారూ, పేరు కాడనే చినిగింది" అన్నాడు. "ఎవరాయన?" అంటే, "పెద్ద కాంట్రాక్టరేనట" అన్నాడు. ఫొటో కూడా ఆ చిరుగులోనే పోయింది. పూలదండ మటుకు మిగిలింది.

మిత్రబృందం మూడూళ్ల పేర్లు వేసుకుంది కనక మూడూళ్లలోనూ ప్రతులు ఉండాలని ఊహించి కోదాడ పోయాను. అక్కడ ప్రతి దొరికింది. కానీ సరిగ్గా పేరున్న చోట ఒక యువనాయకుడి పుట్టినరోజు ఫ్లెక్సీ కట్టారు. పాత రాత మీద కొత్త రాత పడిన ప్రతులను పండితులు భూతద్దాలతో చదువుతారు. నేను కర్రతో ఎత్తి చదవబోతే నాయకుడి అనుచరులు నావైపు చూశారు. పరిశోధనకూ ప్రాణానికీ నడుమ ప్రాణాన్నే ఎంచుకున్నాను.

కోదాడ ప్రతిలో పాఠభేదం ఒకటి దొరికింది: "జీవన సాఫల్య" అన్నచోట అక్కడ "జీవిత సాఫల్య" అని ఉంది. ఏది సాధువో కింద తేలుస్తాను. "శుబాకాంక్షలు" రెండు ప్రతుల్లోనూ ఒకటే. ఆ ఒత్తు ఖర్చు తగ్గించడానికి తీసేశారని ఒక మతం. వెనకట టెండర్లో కోట్ చేసిన రేటుకు ఒత్తు గిట్టుబాటు కాదని మరో మతం. మిర్యాలగూడ ప్రతి సంగతి గ్రంథాంతంలో.

ప్రతిపదార్థం

వేల కిలోమీటర్ల: అనేకమైన అని అర్థం. పుణెలో బయల్దేరి, హైదరాబాదు, సూర్యాపేట, కోదాడ, విజయవాడల మీదుగా మచిలీపట్నం చేరే 65వ నంబరు జాతీయ రహదారిని మొదటి నుంచి చివరి దాకా కొలిచినా వెయ్యి కిలోమీటర్లు కాదు. కాబట్టి "వేల"లో ఏటేటా పూడ్చిన గుంతలనూ కలిపి ఉంటారని కొందరంటారు. ఇది అసూయతో చేసిన వ్యాఖ్యగా తోసిపుచ్చుతున్నాను. ఒకే గుంతను పదిసార్లు పూడ్చితే పది గుంతలే కదా.

రోడ్లు వేసి: ఇక్కడ "వేయు" ధాతువును పరిశీలించాలి. టెండరు వేస్తారు, సంతకం వేస్తారు, కంకర వేస్తారు, తారు వేస్తారు. మొదటి రెండూ వేసినవారు వేరు, తర్వాతి రెండూ వేసినవారు వేరు. "వేయించి" అని ప్రేరణార్థకం ఉండాల్సిన చోట కవి "వేసి" అన్నాడు. ఆ చిన్న "ఇంచు" జారిపోవడంతో, పాలమూరు నుంచి ముల్లె సర్దుకొని వచ్చి రోడ్డు పక్కన గుడిసె వేసుకున్న మేస్త్రీలు, కూలీలు వాక్యంలోంచే జారిపోయారు. అచ్చు తప్పు అనుకుందామంటే రాష్ట్రంలో ఉన్న శిలాఫలకాలన్నిటా ఇదే తప్పు.

పూర్వులకు ఈ "ఇంచు" విలువ తెలుసు. సూర్యాపేట పక్కనే పిల్లలమర్రిలో, కాకతీయుల కాలంలో, 1208లో రేచర్ల వారి ఇల్లాలు ఎరకసానమ్మ ఎరకేశ్వరాలయం కట్టించింది, శాసనం వేయించింది. కట్టానని ఆమె అనలేదు, మనమూ అనం. ఆమె పేరు రాయి మీద ఎనిమిది వందల ఏళ్లుగా ఉంది. ఈయన పేరు ఫ్లెక్సీ మీద ఎనిమిది రోజులు కూడా ఉండలేదు. రెండిటికీ నడుమ ఆటో కిరాయంత దూరం.

వంతెనలు కట్టి: వంతెన పేరు కట్టినవాడికి దక్కుతుందన్న నియమం లేదు. రాజమండ్రి దగ్గర గోదావరి మీద మొదటి రైలు వంతెన కట్టిన ఇంజనీరు వాల్టన్. వంతెనకు పెట్టిన పేరు అప్పటి మద్రాసు గవర్నరు హేవలాక్‌ది. అది దాదాపు నూరేళ్లు రైళ్లు మోసి 1997లో విశ్రాంతి తీసుకుంది. అంత సేవకు సన్మానం చేద్దామని ఎవరైనా అనుకున్నా శాలువా కప్పడానికి వాల్టన్ లేడు, హేవలాకూ లేడు.

వెలుగుబాటగా: రూపకం. అయితే మన రోడ్ల మీద ఎక్కువగా కనబడేది భ్రాంతిమదలంకారం. వాన వెలిశాక గుంత నిండా నీళ్లుంటే చదునైన రోడ్డనుకొని బండి పోనివ్వడం దీనికి ఉదాహరణ. అతిశయోక్తి అనిపించే సత్యం ఒకటుంది. ఇరుసు మీద బరువు రెండింతలైతే రోడ్డుకు జరిగే నష్టం రెండింతలు కాదు, దాదాపు పదహారింతలని రోడ్ల శాస్త్రం చెబుతుంది. మఠంపల్లి, మేళ్లచెరువు సిమెంటు లారీలు, మిర్యాలగూడ బియ్యం లారీలు ఎదురుపడే చోట రోడ్డు పడే బాధ ఈ లెక్క తెలిసినవాడికే అర్థమవుతుంది.

పురస్కారం: "పురః" అంటే ముందు. పురస్కారం అంటే ముందు ఉంచడం. జాతీయ రహదారి మీద మన ముందు ఉంచేది టోల్ గేటు కనక, కొర్లపహాడ్ టోల్ గేటే ఆ దారిలో అతి పెద్ద పురస్కారమని పదార్థాన్ని బట్టి తేలుతుంది. కాకపోతే అది అందుకునేది కాదు, ఇచ్చేది.

జీవన: ఈ గ్రంథానికి ప్రాణం ఈ మాట. కోదాడ ప్రతి "జీవిత" అంటోంది. అది తేలిక పాఠం. సూర్యాపేట ప్రతి "జీవన" అంటోంది. ఇదే సాధువు. ఎందుకంటే జీవనం అంటే బతుకు, బతుకుదెరువు, ఇంకా నీరు. నమ్మనివారు అమరకోశం తెరిచి నీటి పేర్లున్న చోట చూసుకోవచ్చు. కాబట్టి జీవన సాఫల్యం అంటే నీటి విషయంలో గెలిచి ఫలం పొందడం. మిత్రబృందానికి ఇంత అర్థం తెలిసి రాశారా అంటే, మహాకవులకు కూడా తాము రాసినవన్నీ తెలియవు. అందుకే వ్యాఖ్యాతలు పుట్టారు.

రోడ్డుకు పగవాడు లారీ అని జనం అనుకుంటారు. రోడ్డు వేసేవాళ్లనడిగితే నీళ్లంటారు. రోడ్డు నడుమ ఉబ్బుగా, అంచులు వాలుగా వేసేది నీరు నిలవకుండా జారిపోవడానికే. తారులో పడిన చిన్న పగులులోంచి నీరు కిందికి దిగితే కంకర మెత్తబడుతుంది. పైన లారీ పోతుంది. మరుసటి వానకు అక్కడ గుంత. వంతెనకైతే నీరు పునాది దగ్గర మట్టిని తోడేస్తుంది. అసలు గోతిని నీరు తవ్వి పెడితే నింద మటుకు లారీ మీద పడుతుంది.

ఉదాహరణలు

పురానాపూల్: 1578లో ఇబ్రహీం కుతుబ్‌షా కాలంలో మూసీ మీద కట్టిన వంతెన. 1908 సెప్టెంబరులో మూసీ హైదరాబాదును ముంచెత్తినప్పుడు మిగతా వంతెనలు దెబ్బతింటే ఇది నిలబడింది. అంటే దీనికి జీవన సాఫల్య పురస్కారం 330వ ఏట, నీటి చేతుల మీదుగా అందింది. అదే మూసీ సూర్యాపేట పక్క నుంచి పారి మిర్యాలగూడ దిగువన వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. కాబట్టి పురస్కార సంఘం అధ్యక్షులు మన జిల్లా మీదుగానే పోతుంటారని గ్రహించాలి.

ఇంజనీర్ల దినాలు: దేశమంతా సెప్టెంబరు 15న జరిపేది మోక్షగుండం విశ్వేశ్వరయ్య పుట్టినరోజు. మూసీ వరద తర్వాత నిజాం పిలిపించింది ఆయన్నే. తెలంగాణలో జులై 11న జరిపేది నిజాంసాగర్ కట్టించిన నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్ పుట్టినరోజు. ఇద్దరూ నీటితో తలపడినవాళ్లే. క్యాలెండరు కూడా మా వ్యాఖ్యనే బలపరుస్తోంది.

పాంబన్: 1964 డిసెంబరు తుపానుకు కొట్టుకుపోయిన రైలు వంతెనను 46 రోజుల్లో నిలబెట్టిన యువ ఇంజనీరు శ్రీధరన్. ఆయన ఇంజనీరింగు చదివింది కాకినాడలో. పద్మవిభూషణ్ 2008లో వచ్చింది. సముద్రం ఇవ్వాల్సింది అంతకు నాలుగు దశాబ్దాల ముందే ఇచ్చేసింది.

పాలేరు: 2024 సెప్టెంబరు మొదట్లో పాలేరు పొంగి కోదాడ అవతల 65వ నంబరు రహదారి మీదికి వచ్చింది. హైదరాబాదు, విజయవాడల నడుమ రాకపోకలు ఆగితే బండ్లను నల్లగొండ, మిర్యాలగూడల మీదుగా గుంటూరు దారి పట్టించారు. ఆ రెండు మూడు రోజులు ఏ రోడ్డుకు ఏ బహుమతి రావాలో నీళ్లు స్వయంగా తిరిగి మార్కులు వేశాయి. ఫ్లెక్సీలు ఎవరూ కట్టలేదు.

పూర్వపక్షం, సిద్ధాంతం

"అట్లయితే బతికుండగా ఎవరినీ సన్మానించకూడదా? నీళ్లొచ్చేదాకా శాలువా పట్టుకొని నిలబడమంటావా?" అని పూర్వపక్షం.

దీనికి లెక్క చూద్దాం. పెద్ద రహదారికి తారు రోడ్డును సుమారు ఇరవై ఏళ్ల ట్రాఫిక్ మోసేలా రూపొందిస్తారు. వంతెనను నూరేళ్లకు రూపొందిస్తారు. సన్మానం అందుకునే నాటికి మనిషికి డెబ్బై ఏళ్లుంటాయి, ఆయన చివరి వంతెనకు ఏడేళ్లుంటాయి. పిల్ల ఇంకా పలకా బలపం వదల్లేదు, తండ్రికి ఉత్తమ విద్యార్థి తండ్రి అని బిరుదు.

ఇందుకు సమాధానం కాంట్రాక్టు భాషలోనే ఉంది. పని మొదలుకాక ముందు యంత్రాలు, మనుషులను దింపుకోవడానికి ఇచ్చే డబ్బును మొబిలైజేషన్ అడ్వాన్సు అంటారు. తర్వాత బిల్లుల్లోంచి దాన్ని కోసుకుంటారు. జీవన సాఫల్య పురస్కారం సరిగ్గా అటువంటి అడ్వాన్సు. ఇవ్వవచ్చు, పుచ్చుకోవచ్చు, ఫొటో దిగవచ్చు. ఫైనల్ బిల్లు మటుకు వానాకాలం పాస్ చేస్తుంది.

ఈ సంగతి తెలిసినవారు లేకపోలేదు. ప్రకాశం జిల్లా ఏడుగుండ్లపాడులో పుట్టి, కాకినాడలో, వరంగల్‌లో చదువుకున్న ఆచార్య మాధవీలత పదిహేడేళ్లు చీనాబ్ వంతెన పునాదుల పనికి సలహాదారుగా ఉన్నారు. నది మీద 359 మీటర్ల ఎత్తున నిలిచిన ఆ వంతెనను 2025 జూన్ 6న ప్రారంభించగానే పొగడ్తలు వరదలా వచ్చాయి. తనను అనవసరంగా పెద్ద చెయ్యవద్దని, ఆ పని చేసిన వేలమందిలో తాను ఒకరినని ఆమె చెప్పారు. అందరూ వినయం అన్నారు. వినయం సరే, లెక్క కూడా. ఆ వంతెన ఆయుర్దాయం 120 ఏళ్లు. ఫలితాలు 2145లో వస్తాయి. జారిపోయిన "ఇంచు"ను తిరిగి వాక్యంలో పెట్టిన వ్యాకరణవేత్తగా మేం ఆమెను గౌరవిస్తున్నాం.

తాత్పర్యం

ఓ పేరు చిరిగిన మహానుభావా! నీవు వేయించిన రోడ్డు మీద వాన వెలిసిన పొద్దున మా బస్సు డ్రైవరు బ్రేకు వేయకుండా, తిట్టు తిట్టకుండా పోయినట్లయితే నీవు సఫలుడవు. ఆ సంగతి నీకు తెలియదు, డ్రైవరుకూ తెలియదు. కిటికీ పక్కన నిద్రపోతున్న నాకు అసలే తెలియదు. లేచి "అప్పుడే కోదాడ వచ్చిందా?" అంటాను. నీ సన్మాన పత్రం ఆ ఒక్క ప్రశ్నే.

మిర్యాలగూడ ప్రతి

టీక ఇక్కడికి ముగిసేదే. పేరు తేలకుండా ముగిస్తే మల్లినాథుడు ఒప్పుకోడని మిర్యాలగూడ పోయాను. ఊళ్లో ఎక్కడా ప్రతి లేదు. మిల్లుల దారిలో, రోడ్డు సగం మేర ఎండబోసిన వడ్ల దగ్గర బస్సు నెమ్మదించినప్పుడు కిటికీలోంచి కనబడింది. దిగాను.

మబ్బు కమ్మి చినుకులు మొదలయ్యాయి. ఒక పెద్దాయన, ఆయన భార్య వడ్లు కుప్ప చేసి పైన ఫ్లెక్సీ కప్పి అంచుల మీద రాళ్లు పెడుతున్నారు. అంచున "శుబాకాంక్షలు" కనబడుతోంది. ఒత్తు ఇక్కడా లేదు. పేరున్న వైపు కుప్ప కిందికి దోపి ఉంది.

"పెద్దాయనా, ఆ మూల కొంచెం ఎత్తుతవా? పేరు చదువుకుంట" అన్నాను.

ఆయన నన్ను, మబ్బును మార్చి మార్చి చూశాడు. "పేరుతోటి ఏం పని సారూ, వాన పడుతుంటే! ఎత్తితే వడ్లు తడుస్తయ్."

వాన పెద్దదైంది. ముగ్గురం చెట్టు కిందికి పరుగెత్తాం. పావుగంటకు వెలిసింది. ఆయన పోయి కుప్ప కిందికి చెయ్యి పెట్టి, గుప్పెడు వడ్లు తీసి, రెండు గింజలు పంటి కింద వేసి కొరికాడు.

"తడిసినయా?" అని అడిగింది భార్య.

"లేదు. ఒక్క చుక్క దిగలే."