నర్సమ్మ వచ్చే రోజు రాజరహస్యమా?

మహారాజరాజశ్రీ గురుకులాల జిల్లా అధికారి గారి దివ్యసముఖమునకు,

తొమ్మిదో తరగతి చదివే ఒక అమ్మాయి తల్లికి తమరి కార్యాలయం పంపిన జవాబు చేరింది. ఆవిడ చేసిన నేరం, పది రూపాయలు కట్టి సమాచార హక్కు చట్టం కింద మూడు సంగతులు అడగడం. హాస్టల్లో నర్సు ఏయే రోజుల్లో ఉంటారు? సిక్ రూమ్‌లో ఏ మందులున్నాయి? అర్ధరాత్రి జ్వరమొస్తే పిల్లను ఆస్పత్రికి ఎవరు తీసుకెళ్తారు? ఇవన్నీ విద్యార్థుల వ్యక్తిగత వివరాలట. సెక్షన్ 8(1)(జె) కింద ఇవ్వడం కుదరదని తమరు సెలవిచ్చారు.

పారాసిటమాల్‌కు వ్యక్తిగత జీవితం ఉంటుందని ఆ తల్లికి తెలియదు, మన్నించండి.

గోప్యత మీద తమకింత పట్టింపు ఉండటం ముచ్చటే. కాకపోతే ఒంట్లో రక్తం తక్కువున్న ఆడపిల్లల పేర్లు, హిమోగ్లోబిన్ అంకెలతో సహా, అదే హాస్టల్ భోజనాల గది గోడ మీద అంటించి ఉన్నాయి. నులిపురుగుల మాత్ర మింగుతున్న పిల్లల ఫొటోలు వాట్సాప్ గ్రూపులన్నీ తిరిగొచ్చాయి. దాచాల్సింది గోడకెక్కింది, గోడకెక్కాల్సింది బీరువాలో పడింది. ఇదేం న్యాయం సార్?

అసలు ఆవిడ అడగాల్సిన పనే లేదు. ఏ కార్యాలయంలో ఎవరి విధులేమిటో ఎవరూ అడక్కముందే 120 రోజుల్లో ప్రకటించమని 2005 నాటి చట్టంలోనే, సెక్షన్ 4లో రాసి ఉంది. ఆ ఏడాది పుట్టిన పిల్లలు బడి దాటిపోయారు.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఒక్క పిల్ల పేరూ బయటపెట్టకుండానే, దేశంలో 15–19 ఏళ్ల అమ్మాయిల్లో నూటికి 59 మందికి రక్తహీనత ఉందని చెప్పింది. పేరు లేకుండా అంకె చెప్పడం అంత కష్టమా?

రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందం ఏడాదికోసారి బడికి రావాలి. ఇద్దరు ఆయుష్ డాక్టర్లు, ఒక ఏఎన్‌ఎం, ఒక ఫార్మసిస్టు. వచ్చారో లేదో రిజిస్టరుకే ఎరుక. చూపు తగ్గిందని చీటీ రాసిచ్చిన పిల్లకు కళ్లద్దాలు వచ్చాయా అంటే ‘అది వేరే శాఖ’. బాత్‌రూమ్ తలుపుల గడియల సంగతి ఇక ఎత్తకపోవడమే మర్యాద.

వెటకారం చాలు సార్. కన్నబిడ్డను అంత దూరాన వదిలి వచ్చిన మనిషి ఆవిడ. గోడ మీది పేర్లు పీకించి, ఆ చోట ఒక్క కాగితం అంటించండి. నర్సు ఉండే వేళలు, ఆమె లేనప్పుడు చూసేవాళ్ల పేరు, రాత్రిపూట ఫోన్ చేయాల్సిన నంబరు, అంతే. ఈ వారమే చేయించండి, వానాకాలం జ్వరాలు మొదలయ్యాయి.