అగ్గిపెట్టె పద్యానికి టీకా తాత్పర్యం

అగ్గిపెట్టె చాలు హంసతూలిక సేయ
సీసమూత చాలు చిన్న బాన
గుండుసూది చాలు కొలిమికి చువ్వగా
చెత్తబుట్టకేల చేర్తురయ్య

అవతారిక: దేశము జంషెడ్‌పూర్. కాలము మహాలయ పక్షము, అనగా దసరా బొమ్మల కొలువు పెట్టెలు అటక దిగు సమయము. కవయిత్రి కదమాలో ఒక కంపెనీ క్వార్టరు ఇల్లాలు. సంబోధితుడు ఆమె భర్త. ఆ రోజు ఆయనకు వీక్లీ ఆఫ్, పైగా ఇల్లు సర్దుదామన్న బుద్ధి పుట్టింది. ఆపద అంతా అక్కడే మొదలు.

శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి ఉక్కు కార్ఖానా పనికి వెళ్ళిన కుటుంబాలు ఆ ఊళ్ళో తరాలుగా ఉన్నాయి. వాళ్ళ వెంట కొలువూ వెళ్ళింది. కొండపల్లి వాళ్ళ తెల్లపొణికి, ఏటికొప్పాక వాళ్ళ అంకుడు కర్ర సాక్చి బజారులో అడిగితే దొరికేవి కావు. కాబట్టి దశావతారాలు, అంబారీ ఏనుగు, లక్కపిడతలు సెలవులకు ఊరెళ్ళినప్పుడు తెచ్చుకున్నవి. ఆ దేవుళ్ళ కాళ్ళ దగ్గర ఉండవలసిన ఊరు మాత్రం, అంటే ఇళ్ళు, బావి, బడ్డీకొట్టు, కార్ఖానా, ఏటేటా ఇంట్లోనే కట్టుకోవాలి. ఆ ఊరికి కావలసిన సామాను చెత్తబుట్ట పాలవుతుండగా ఆశువుగా వెలువడిన పద్యమిది.

ఛందస్సు: ఆటవెలది. మొదటి పాదంలో అకారానికీ హకారానికీ యతి చెల్లింది. చెల్లలేదనుకునేవారు ఇంట్లో ఛందస్సు పుస్తకం ఉంటే చూసుకోవచ్చు, లేకపోతే నమ్మవచ్చు.

టీక, మొదటి పాదం: అగ్గిపెట్టె = పుల్లలు అయిపోయిన అగ్గిపెట్టె. ‘అయిపోయిన’ అన్నది అధ్యాహారం. నిండు పెట్టెనే ఖాళీ చేసి, పుల్లలు గాజుసీసాలో పోసి, తీరా దీపారాధన వేళ గీయడానికి అంచు లేక ఇంటిల్లిపాదీ తడుముకున్న సందర్భాలు సంప్రదాయంలో లేకపోలేదు. అవి అపవాదాలు.

హంసతూలిక = పరుపుతో కూడిన మంచము. చేసే తీరు ఇది. లోపలి అరను బోర్లించి, నాలుగు మూలలా నాలుగు లవంగాలు మొగ్గ పైకి వచ్చేలా అంటించాలి. లవంగానికి తలమీద చిన్న గుండు, దాని కింద నాలుగు రేకులు పుట్టుకతోనే ఉంటాయి. ఏ తరిమెన పనివాడూ అంత సన్నగా కోళ్ళు తీయలేడు. ఇక్కడిదాకా సులభం. కష్టమంతా దుప్పటి దగ్గర వస్తుంది. కొత్త నూలుగుడ్డ అంగుళమున్నర ముక్క కోసి మంచం మీద పరిస్తే అది దుప్పటిలా వాలదు, రేకులా నిలబడుతుంది. గుడ్డను ఎంత చిన్నగానైనా కోయవచ్చు, అందులోని దారాన్ని సన్నం చేయలేము. ఆ కాస్త ముక్కకు కిందికి వాలేంత బరువూ లేదు. అందుచేత ఎన్నో ఉతుకులు చూసి నేత పలచబడ్డ జేబురుమాలు వెతకాలి. దాన్ని పలచటి గంజిలో తడిపి, మడతలు చేత్తో పెట్టి, ఆరేదాకా గుండుసూదులతో పట్టి ఉంచాలి. ఆ జేబురుమాలు భర్తది. ఆయన దాన్ని ఇంకా వాడుతున్నాడన్నది వ్యాఖ్యాతలు పట్టించుకోలేదు.

ఇది కదమా బీదరికం వల్ల వచ్చిన ఇబ్బంది కాదు. ఢిల్లీలో వైస్రాయి భవనం కట్టిన ఎడ్విన్ లుట్యెన్సే ఇంగ్లండులో మేరీ రాణికి బొమ్మరిల్లు కూడా గీశాడు. అడుగుకు అంగుళం చొప్పున కొలత. లిఫ్టులు, విద్యుద్దీపాలు, కొళాయిల్లో నీళ్ళు, చిట్టి సీసాల్లో అసలు వైను. గ్రంథాలయానికి కానన్ డాయల్ తన చేత్తో రాసిచ్చిన బుల్లి షెర్లాక్ హోమ్స్ కథ. 1924లో వెంబ్లీ ప్రదర్శనలో జనం చూశారు, ఇప్పుడు విండ్సర్ కోటలో ఉంది. అన్నీ పన్నెండో వంతుకు దిగాయి గానీ కొళాయి చివర వేలాడే నీటి చుక్క దిగలేదు. అది రాణిగారికైనా మనకైనా ఒకటే చుక్క. నీరు, నిప్పు, గుడ్డ మూడూ మాట వినవు. కనుక ఈ విద్యలో చేసే పని తక్కువ, ఏరే పని ఎక్కువ. పద్యంలో ‘చేయవలె’ అని ఎక్కడా లేక ‘చాలు’ అని మూడు మార్లు ఉండటానికి ఇదే కారణమని నా మతం.

రెండో పాదం: సీస = సీసా; లోహమని భ్రమించరాదు. మూత = దగ్గుమందు మూత ఉత్తమం, చల్లపానీయం మూత మధ్యమం. ‘చిన్న బాన’లో విరోధాభాసం ఉందని రాసిన విద్యార్థికి మార్కులు వేయవచ్చు. ఈ పాదంలో ఇంతకంటే ఏమీ లేదు.

మూడో పాదం: ఇది గ్రంథగ్రంథి. కొలిమి అంటే కమ్మరి కొలిమి అని శ్రీకాకుళ సంప్రదాయం. బ్లాస్ట్ ఫర్నేసు అని కదమా సంప్రదాయం. రెండోదే ఆదరణీయం. 1912 ఫిబ్రవరిలో తొలి ఉక్కు దిమ్మె తీసిన ఊరి కొలువులో తోలుతిత్తుల కొలిమి పెడితే దేవుళ్ళు కూడా ఒప్పుకోరు. పౌడరు డబ్బా నిలబెట్టి, వంగే స్ట్రాలను చుట్టూ గొట్టాలుగా తిప్పి, అడుగున కన్నం పెట్టి ఎర్ర జిలుగు కాగితం వెనక దీపావళి బల్బు ఒకటి దూర్చితే ఫర్నేసు. పొగకు దూది. ఎదురుగా మైనపు పనివాడు, నెత్తిన పసుపు హెల్మెట్. హెల్మెట్ అనగా శనగపప్పు బద్ద. చేతిలో, కొలిమి నోరు తెరిచే చువ్వగా గుండుసూది.

పూర్వపక్షం: సోనారి వ్యాఖ్యాత ఒకాయన, రిటైరైన ఫోర్‌మన్, ఇక్కడ ఆక్షేపించాడు. లుట్యెన్స్ లెక్కన అంగుళం సూది అడుగు చువ్వ అవుతుంది. అడుగు చువ్వ పట్టుకొని ఫర్నేసు దగ్గరికి వెళ్ళినవాడు మళ్ళీ గేటు దాటి ఇంటికి రాడు.

సిద్ధాంతం: కొలువుకు ఒకే కొలత లేదు. పై మెట్టున రాముడు మూరెడు, కింది మెట్టున పచారీ కొట్టు శెట్టి జానెడు, ఆయన కొట్టు బెత్తెడు. కొలువులో ఎత్తు మర్యాదను బట్టి వస్తుంది. ఫోర్‌మన్ గారు దీనికి సమాధానపడలేదు. మరుసటి సాయంత్రం సైకిలు చువ్వ ముక్క ఒకటి సానబట్టి తెచ్చి ఇచ్చాడు, అదే పెట్టారు. అయినా పద్యంలో పాఠం మార్చనవసరం లేదు, సైకిలు చువ్వ గణాల్లో పడదు.

గుండుసూది మహిమకు పరదేశ ప్రమాణం కూడా ఉంది. 1940లలో అమెరికాలో ఫ్రాన్సెస్ గ్లెస్నర్ లీ అనే ఆవిడ, నేరం జరిగిన గదులను బొమ్మరిళ్ళుగా చేసి పోలీసులకు పరిశోధన నేర్పింది. అందులోని బుల్లి మేజోళ్ళను గుండుసూదులతోనే అల్లింది.

విశేషాంశం: పద్యంలో పార్కు ఎందుకు లేదు? పార్కు చెత్త నుంచి పుట్టదు కనుక. పళ్ళెంలో మట్టి పోసి, కొలువుకు మూడు నాలుగు రోజుల ముందు ఆవాలు చల్లితే పచ్చిక లేస్తుంది. మధ్యన పౌడరు అద్దం చెరువు, అగరుబత్తి పుల్లల కంచె. మైసూరు బృందావన్ ఉద్యానాన్ని తలచుకుంటూ 1958లో తెరిచిన జూబిలీ పార్కుకు ఇది నకలు. చిక్కు ఏమిటంటే ఆవాలు ఆగవు. సప్తమి నాటికి పచ్చిక బెంచీలను ముంచేస్తుంది, కిటికీ వైపు పడుకుంటుంది. అప్పుడు కొండపల్లి ఏనుగును అంబారీతో సహా అందులోకి దించి, ఇది దల్మా అడవి అని చెప్పాలి. దల్మా కొండల్లో ఏనుగులున్న సంగతి అందరికీ తెలుసు కాబట్టి ఎవరూ ఎదురడగరు.

నాలుగో పాదం: ఏల = ఎందులకు. చేర్తురు = చేర్చెదరు; పూజార్థక బహువచనం. కోపంలోనూ మన్నన తప్పలేదని కొందరు మెచ్చుకున్నారు. ఆ మన్ననే కోపానికి గుర్తని పెళ్ళయినవారి వ్యాఖ్య.

తాత్పర్యం: ఏమండీ, ఆ బుట్ట కింద పెట్టండి.

ఉత్తరకథ: విజయదశమి తర్వాత కొలువు ఎత్తారు గానీ ఊరు పెట్టెలోకి పోలేదు. బీహారు, జార్ఖండు ఇళ్ళలో దీపావళికి ఆడపిల్లలు ఘరౌందా కడతారు. అది మట్టితో కట్టే చిట్టి మేడ. ఈమధ్య అట్టవీ, థర్మాకోలువీ కూడా చూస్తున్నాం. ముందర కుల్హియా చుకియా అనే బుల్లి మట్టి పిడతల్లో మరమరాలు, బతాసాలు నింపి పెడతారు. పక్క క్వార్టరు పిల్ల వచ్చి, ‘ఆంటీ, పలంగ్ దీజియే న’ అని అడిగి మంచం, బాన, లక్కపిడతలు పట్టుకుపోయింది. వాళ్ళ లక్ష్మీదేవి మంచం కంటే పెద్దది కావడంతో మంచాన్ని మేడ మీద వేశారు. ఛఠ్ పూజ దాటాక అన్నీ తిరిగి వచ్చాయి. మంచం మూడు కోళ్ళతో వచ్చింది. నాలుగో లవంగం ఎవరి పంటినొప్పికి పోయిందో ఏ వ్యాఖ్యలోనూ లేదు.