పక్కు గిల్లరాదను వచనమునకు టీకా తాత్పర్యములు

మూలము
“ఒరేయ్, పక్కు గిల్లకురా! ఆ కాలితో బుడమేరు నీళ్ళలో దిగావంటే చంపేస్తాను.”

అవతారిక
2024 సెప్టెంబరు మొదటివారమున బుడమేరు మళ్ళింపు కాలువకు గండ్లు పడి బెజవాడ సింగ్‌నగర్ మునిగినపుడు, పాలప్యాకెట్ల పడవను చూచి డాబామెట్లు దిగబోవు కొడుకును ఒక తల్లి అదలించుట. రసము రౌద్రము, వాత్సల్యము అంతర్లీనము.

ప్రతిపదార్థము
ఒరేయ్ = ఓ కుమారా; పక్కు = దెబ్బపై నెత్తురు గడ్డకట్టి యెండి, అడుగున కొత్తచర్మము పుట్టువఱకు ఊడక నిలుచు పెళుసుమూత; గిల్లకు = గోటితో పెకలింపకుము (గోరున్నది అందులకే గదా యని బాలుని మతము); బుడమేరు నీళ్ళు = మురుగుకాల్వలను, ఎలుకబొరియలను కడిగికొనివచ్చిన జలము; చంపేస్తాను = చావనీయను. ఇది విపరీతలక్షణ.

తాత్పర్యము
నాయనా, చర్మపు పైపొర చచ్చిన కణములతో గట్టిపడినది. చెమట, నూనెలవలన దానికబ్బిన కొద్దిపాటి పులుపు పెక్కు క్రిములకు సరిపడదు. అది చినిగినచోట ఎలుకజ్వరపు క్రిమికి దారి.

విశేషములు
శంక: వరదనీరు నోటను పోవునుగదా, కాలినే యేల పేర్కొనెను? సమాధానము: మ్రింగినదానికి జఠరమున హైడ్రోక్లోరిక్ ఆమ్లము కలదు, కలరా క్రిములలో పెక్కు అక్కడనే నశించును. అయితే రాత్రి మిరపకాయబజ్జీలు తిని తెల్లవారి గ్యాసుమాత్ర మ్రింగువారికి ఆ ఆమ్లము తగ్గును గనుక, ఈ సమాధానము బెజవాడలో సగముమందికి చెల్లదు.

ఇక నీరు చింది కంట పడెనేని, కంటికి కన్నీరు కాపు. అందు క్రిముల గోడలను కరగించు లైసోజైము కలదు. 1922లో అలెగ్జాండర్ ఫ్లెమింగు దీనిని వెల్లడించినది చీమిడిని పరీక్షించియే. ముక్కు చిట్లించు పాఠకులు గమనింతురు గాక.

పాఠాంతరము
దివిసీమ, గుడివాడ ప్రాంతములకు ఈ వచనము అతకదు. దమ్ముచేసిన మడిలో దినమంతయు వంగి ఊడ్చు స్త్రీల పాదములు నాని పాచిపోవును, వ్రేళ్ళసందులు ఒరియును. గాయము లేకున్నను, అంతగా నానిన చర్మము గుండ ఎలుకజ్వరపు క్రిమి దూరగలదు. వారిని నీళ్ళలో దిగవద్దను వ్యాఖ్యాత ఆనాటి కూలి తానిచ్చునా? రబ్బరుబూట్లు తొడుగుకొనుడని కొందఱి మతము. ఆ మతస్థులు అవి తొడిగి దమ్ములో నాలుగడుగులు వేసి, బూటుతోసహా కాలు పైకి తీసి చూపుదురు గాక.