తాళం చెవి స్నేహాలు

1975లో ఆంధ్రా యూనివర్సిటీ హాస్టల్లో దిగేనాటికి నా ఆస్తి ఒక రేకు పెట్టె, చుట్టిన పరుపు, అమ్మ కట్టిచ్చిన ఆవకాయ జాడీ. స్నేహితులు సున్నా. వాల్తేరులో తెలిసిన ముఖం ఒక్కటీ లేదు. రాత్రి జాడీ మూత తీశాక సున్నా కాస్తా ఆరయింది. ఆవకాయ అయిపోయాక ఇద్దరు తగ్గారు, అది వేరే సంగతి.

మా మనవడికి ఇన్‌స్టాగ్రామ్‌లో ఎనిమిది వందల పైచిలుకు జనం. హైదరాబాద్‌లో చదువుతున్నాడు. మొన్న వాడి హాస్టల్‌కి వెళ్ళి, "పక్క గదిలో ఎవరుంటార్రా?" అనడిగా. అక్షరాలూ అంకెలూ, మధ్యలో ఒక అండర్‌స్కోరూ కలిపి ఏదో చెప్పాడు. అది ఐడీ అట! "పేరేంట్రా?" అంటే, "ఏమో తాతయ్యా, మీమ్స్ మాత్రం భలే పెడతాడు" అన్నాడు. గోడకి అవతల కూర్చున్నవాడు వేసిన జోకు ఊరంతా తిరిగొచ్చి వీణ్ణి నవ్విస్తోందన్నమాట.

మా రోజుల్లో మమ్మల్ని కలిపింది డివైడింగ్ మెస్. నెలకైన ఖర్చంతా తిన్నవాళ్ల తలకి పంచేవాళ్లం. లెక్కలు చూసే మెస్ సెక్రటరీ మాలోనే ఒకడు. వాణ్ణి అనుమానించడం మిగతా అందరి హక్కు. నా వంతు వచ్చిన నెల నా రూమ్మేటే నలుగురిలో నిలబడి, "నూనె డబ్బాల లెక్క తేలడం లేదు" అన్నాడు. ఒళ్లు మండిపోయింది. పదకొండు రోజులు మాటల్లేవు. కానీ ఎక్కడికి పోతాం? ఒకటే గది, ఒకటే బకెట్టు, తాళానికి ఒకటే చెవి. పన్నెండో రోజు ఆ చెవి అడగాల్సొచ్చి నోరు విప్పాను. సాయంత్రం ఇద్దరం బీచిదాకా నడిచాం. నూనె లెక్క ఇప్పటికీ తేలలేదు.

పారిపోయే దారి లేక నిలబడిన స్నేహం అది. ఇప్పుడో? అలిగితే బ్లాక్, ఇంకాస్త అలిగితే గ్రూపులోంచి 'లెఫ్ట్'. తాళం చెవి అడిగే అవసరం ఎవరికీ రాదు.

ఫేస్‌బుక్ కూడా హాస్టల్ గదిలోనే పుట్టింది, 2004లో, హార్వర్డ్‌లో. గమ్మత్తేమిటంటే ఆ హార్వర్డ్‌లోనే 1938లో మొదలుపెట్టి 268 మంది విద్యార్థుల్ని ఎంచుకుని, ముసలివాళ్లయ్యేదాకా వెంటపడి ఒక పరిశోధన చేశారు. ముదిమిలో ఆరోగ్యంగా, సంతోషంగా ఉండడానికి డబ్బూ పేరూ కన్నా దగ్గరివాళ్లతో మంచిగా ఉండడమే ఎక్కువ పనికొచ్చిందని తేల్చారు. మా మెస్ వంటాయన్ని అడిగితే ఒక్క పూటలో చెప్పేవాడు.

ఒక్కటి మాత్రం మనవడికి చెప్పలేదు. మా వరండా చివరి గదిలో ఒక కుర్రాడుండేవాడు. అందరూ లేచాక వచ్చి తినేవాడు, తల వంచుకుని వెళ్లిపోయేవాడు. సంక్రాంతికి ఊరెళ్లి మరి తిరిగి రాలేదు. ఎందుకని మేమెవరమూ ఆరా తీయలేదు. మిషిగన్ స్టేట్ యూనివర్సిటీవాళ్లు 286 మంది విద్యార్థుల్ని అడిగి 2007లో అచ్చువేసిన పరిశోధనలో, తమమీద తమకి నమ్మకం తక్కువైనవాళ్లకే ఫేస్‌బుక్ పరిచయాలు ఎక్కువ కలిసొస్తున్నట్టు కనిపించిందట. అది చదివినప్పుడు నాకు గుర్తొచ్చింది ఆ చివరి గదే. వాడి చేతిలో ఫోనుంటే ఎక్కడో ఒకడు దొరికేవాడేమో. ఏడుగురం ఆవకాయ పంచుకున్నాం, జాడీ ఆ గదిదాకా వెళ్లలేదు.

మా పాతవాళ్లకీ ఇప్పుడొక వాట్సాప్ గ్రూపుంది. ముప్పై నాలుగు మందిమి. తెల్లారకుండానే గులాబీపువ్వు పంపి నిద్ర చెడగొట్టేది మా నూనె డబ్బాల రూమ్మేటే. బ్లాక్ చెయ్యడం మనవడు నాకూ నేర్పాడు. చేస్తే మళ్లీ లెక్కలు బయటికి తీస్తాడని ఊరుకున్నా.

వచ్చేస్తూ మనవడి చేతిలో ఒక ఆవకాయ సీసా పెట్టి, "సగం పక్క గదికి" అన్నాను. నిన్న ఫోన్ చేశాడు. పక్క గది కుర్రాడిది పాలకొండట. మా ఊరి నుంచి బస్సులో అరగంట.