టెస్ట్ సర్వర్‌ను మచ్చిక చేసుకోవడం ఎలా?

టెస్ట్ సర్వర్ ఎందుకు పెడతారో ముందు తేల్చుకుందాం. తప్పులు ముందే దొరకడానికని పుస్తకాల్లో ఉంటుంది. నమ్మకండి. శుక్రవారం సాయంత్రం మేనేజరు గారు వచ్చి "అయిందా?" అంటే, "అయింది సార్, టెస్ట్‌లో చూసేశాం" అనడానికి పెడతారు. అంచేత మంచి టెస్ట్ సర్వర్‌కు ఉండాల్సిన గుణం ఒక్కటే: చచ్చినా చెడువార్త చెప్పకూడదు. ఈ విద్య అమీర్‌పేటలో ఎంత ఫీజు కట్టినా నేర్పరు. ఉద్యోగంలో చేరాక సీనియర్లు ఉచితంగా నేర్పుతారు.

మొదటి జాగ్రత్త: అసలు సర్వర్‌కూ మీ టెస్ట్ మెషిన్‌కూ పోలికలుండకూడదు. అక్కడ ఉబుంటు 20.04 నడుస్తోందా? మీరు వర్చువల్‌బాక్స్‌లో 24.04 వేయండి. దాంతో పాటు అక్కడ పీహెచ్‌పీ 7.4, ఇక్కడ 8.3 వచ్చి కూర్చుంటాయి. పీహెచ్‌పీ 8లో సున్నాను అక్షరాలతో పోల్చే పద్ధతే మారిపోయింది. 7.4లో సున్నా, "రాము" సమానమే. 8లో కాదు. అంటే మీ దగ్గర సరిగ్గా ఆగిన లాగిన్, అక్కడ ఎవరు పడితే వాళ్లకు తెరుచుకునే అవకాశం ఉంది. ఇలాంటివి టెస్ట్‌లో కనబడితే శుక్రవారం పాడైపోతుంది. వెర్షన్లు వేరుగా ఉంటే కనబడే ప్రమాదమే లేదు.

ఇక నెట్‌వర్క్. వర్చువల్‌బాక్స్ తనంతట తాను ఇచ్చేది న్యాట్. మీ మెషిన్‌కు 10.0.2.15 అనే చిరునామా దొరుకుతుంది. దాన్ని ల్యాప్‌టాప్ బ్రౌజర్లో కొట్టండి, తెరుచుకోదు. ఎందుకంటే న్యాట్ వెనకున్న మెషిన్ బయటికి వెళ్లగలదు గానీ, బయటివాళ్లు లోపలికి రాలేరు. పోర్ట్ ఫార్వర్డింగ్ పెడితేనో, బ్రిడ్జ్‌కు మారిస్తేనో రెండు నిమిషాల్లో తేలే సంగతిది. మీరు మాత్రం అపాచీని అనుమానించండి. తీసేసి మళ్లీ వేయండి. కుదరకపోతే ఉబుంటునే మళ్లీ వేయండి. మధ్యాహ్నం భోజనాలప్పుడు పక్క సీటు అబ్బాయిని అడిగితే అతని మెషిన్‌ది కూడా 10.0.2.15 అంటాడు. "నా ఐపీ నువ్వెందుకు వాడుతున్నావన్నా?" అని గొడవ పెట్టుకోవడానికి ఇంతకన్నా మంచి సందర్భం దొరకదు.

సర్వర్ ఎలాగో కనబడిందనుకుందాం. ఒకే ఐపీ మీద నాలుగైదు సైట్లు పెట్టడాన్ని వర్చువల్ హోస్టింగ్ అంటారు. ఒకే గేటు లోపల నాలుగు వాటాలున్న ఇల్లు లాంటిదన్నమాట. బ్రౌజర్ వచ్చి ఏ పేరుతో పిలిస్తే ఆ వాటా తలుపు తెరవాలి. ఆ పేరు ఏ వాటాకూ సరిపోకపోతే అపాచీ "లేరు" అని చెప్పి పంపదు, మొదటి వాటా తలుపు తీసేస్తుంది. మొదటిదంటే అక్షరక్రమంలో ముందు చదివిన ఫైలు. డీఫాల్ట్ ఫైలు పేరుకు ముందు మూడు సున్నాలు పెట్టింది అందుకే. ఇంత దయగల ఏర్పాటును వాడుకోకపోతే పాపం. సర్వర్‌నేమ్ దగ్గర ఒక అక్షరం తప్పు కొట్టండి. అయినా ఏదో ఒక పేజీ వస్తుంది. ఏదో ఒకటి వచ్చింది కాబట్టి "సైట్ అప్" అని గ్రూపులో పెట్టేయండి. అపాచీ2సీటీఎల్ అని కొట్టి పక్కన హైఫన్, పెద్ద ఎస్ పెడితే ఏ పేరు ఏ ఫైలుకు వెళ్తోందో తెర మీద చూపిస్తుందని కొందరు చెబుతారు. అలాంటి వాళ్లతో టీ తాగకండి.

పర్మిషన్ల దగ్గర మాత్రం కాస్త నిలబడి చదవండి, ఈ శాస్త్రానికి ఆయువుపట్టు ఇదే. సైటును మీ హోమ్ ఫోల్డర్లోనే పెట్టండి. 403 వస్తుంది. వెంటనే సైట్ ఫోల్డరుకు 777 కొట్టండి. ఇంకా 403. ఉబుంటు 21.04 నుంచి కొత్త హోమ్ ఫోల్డర్లకు 750 ఇస్తున్నారు. పైఫోల్డర్లోకి అడుగు పెట్టే హక్కు అపాచీకి లేనప్పుడు కింద ఎన్ని ఏడులు కొట్టినా లాభం లేదు. ఇదంతా మీకు తెలియాల్సిన పని లేదు. హోమ్ ఫోల్డరుకే 777 కొట్టండి. సైటు తెరుచుకుంటుంది! పండగ చేసుకోండి. మర్నాడు పొద్దున ఎస్‌ఎస్‌హెచ్ మీ కీని ఒప్పుకోదు, ఎవరైనా రాయగలిగే హోమ్ ఫోల్డర్లోని కీని అది నమ్మదు. నిన్నటి ఏడులకూ ఇవాళ్టి తాళానికీ సంబంధం ఉందని ఎవరికీ తట్టదు, మీకూ తట్టకూడదు. పాస్‌వర్డ్ లాగిన్ తెరిచేయండి. పాస్‌వర్డ్ అందరికీ గుర్తుండాలి కాబట్టి కంపెనీ పేరు, పక్కన 123. దాన్ని వాట్సాప్ గ్రూపులో పైకి పిన్ చేయండి. ఉద్యోగం మానేసినవాళ్లను ఆ గ్రూపు నుంచి తీసేయడం మర్యాద కాదు.

టెస్ట్ సైటుకు పేరు పెట్టేటప్పుడు డాట్ టెస్ట్ జోలికి పోవద్దు. దాన్ని 1999లోనే ఈ పని కోసం పక్కన పెట్టారు, ఎవరికీ అమ్మరు. దాంతో ఏ తంటా రాదు, అందుకే పనికిరాదు. డాట్ డెవ్ పెట్టండి. అది గూగుల్‌ది. ఆ పేర్లన్నీ హెచ్‌టీటీపీఎస్‌తోనే తెరవాలని 2017 చివరి నుంచి క్రోమ్ పట్టుబడుతోంది. మీ దగ్గర సర్టిఫికెట్ లేదు కాబట్టి సగం రోజు సాఫీగా గడుస్తుంది.

ఆ పేరును మీ ల్యాప్‌టాప్ హోస్ట్స్ ఫైల్లో రాసుకుంటారు కదా, పనిలో పనిగా అసలు సైటు పేరును కూడా టెస్ట్ ఐపీకి కట్టేయండి. తర్వాత చెరపకండి. లైవ్‌కు వెళ్లిన రోజు ప్రపంచమంతా తెల్ల పేజీ చూస్తుంటే మీకొక్కరికే సైటు నిగనిగలాడుతూ కనిపిస్తుంది. "నా దగ్గర బాగానే ఉందే" అన్న మాట అబద్ధమాడకుండా అనగలిగే భాగ్యం ఎందరికుంటుంది? ఎవరైనా గట్టిగా నిలదీస్తే "డీఎన్‌ఎస్ ప్రొపగేషన్ సార్, 48 గంటలు పడుతుంది" అనండి. టీటీఎల్ 300 సెకన్లే ఉన్నా సరే, 48 గంటలే చెప్పండి.

లాగ్‌లు చదవకండి. ఎర్రర్ లాగ్‌లో ఫలానా ఫైలు, ఫలానా లైను అని రాసి ఉంటుంది, చదివితే తప్పు దొరికిపోతుంది. రీస్టార్ట్ చేయండి.

డేటా సంగతి. ఉత్తుత్తి పేర్లతో పరీక్షిస్తే ఏం కిక్కు? కస్టమర్ల అసలు డేటాబేస్‌ను ఫోన్ నంబర్లతో, ఈమెయిళ్లతో సహా దింపుకోండి, మెయిల్ సెట్టింగులు మాత్రం ముట్టుకోకండి. 2021 జూన్‌లో హెచ్‌బీఓ మ్యాక్స్ చందాదారులకు "ఇంటిగ్రేషన్ టెస్ట్ ఈమెయిల్ నంబర్ 1" అని ఒక సందేశం వెళ్లింది. ఇంటర్న్ వల్ల జరిగిందని కంపెనీయే చెప్పుకుంది, జనం ఆ ఇంటర్న్‌ను ఓదారుస్తూ తమ పాత పొరపాట్లు రాసి పంపారు. మన కస్టమర్లు అంత ఓపికగా ఉంటారో లేదో పరీక్షించినట్టూ అవుతుంది.

చివరగా, టెస్ట్ టెర్మినలూ అసలు టెర్మినలూ ఒకే రంగులో, ఒకే పోలిక పేర్లతో, పక్కపక్కనే తెరిచి ఉంచండి. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్‌లో ఒక ఇంజనీరు రాత్రి పొద్దుపోయాక రెండో డేటాబేస్ సర్వర్ అనుకుని అసలు సర్వర్ మీద డిలీట్ కొట్టేశాడు. ఆపేసరికి దాదాపు 300 జీబీలు పోయాయి. బ్యాకప్‌లు చూస్తే, రోజువారీది వెర్షన్ తేడా వల్ల నడవడమే లేదు, ఆ సంగతి చెప్పాల్సిన ఈమెయిళ్లు దారిలోనే తిరస్కరణకు గురై ఎవరికీ చేరలేదు. ఇంతవరకూ అంతా మన పద్ధతే. తేడా ఎక్కడ వచ్చిందంటే, అంతకు ఆరు గంటల ముందు టెస్టింగ్ పని మీద అసలు డేటాబేస్ కాపీ ఒకటి స్టేజింగ్ సర్వర్లోకి తీసి ఉంచారు. కంపెనీ దాంతోనే గట్టెక్కింది. చూశారా, టెస్ట్ సర్వర్ ఎంత ఉపయోగమో అని దీన్ని చూపించి వాదించేవాళ్లు మీకు తప్పక తగులుతారు. తొణక్కండి. ఆ స్టేజింగ్ డిస్కులు నత్తనడకవి, కాపీని వెనక్కి తెచ్చుకోవడానికే దాదాపు 18 గంటలు పట్టింది. మన పద్ధతిలో ఆ 18 గంటలూ మిగులే. వెనక్కి తెచ్చుకోవడానికి ఏమీ ఉండదు.