జాగ్రత్తగా చదవకండి

ఏ అభిప్రాయమూ లేకుండా, ఖాళీ మనసుతో కథ చదవాలని పెద్దలు చెబుతారు. నేను చెప్పేది దానికి పూర్తిగా విరుద్ధం. మీ అభిప్రాయాలన్నీ వెంట తీసుకెళ్లండి. మొదటి పేజీలోనే తొందరపడండి. పాత్రల్లో ఎవరు తెల్లవాళ్లో ఎవరు నల్లవాళ్లో తేల్చేసి, పెన్సిలుతో మార్జిన్‌లో రాసేయండి. పక్కనే కారణం కూడా రాయండి. ఆచితూచి చదివేవాళ్లు ఎవరికీ దొరకరు, తమకు తాము కూడా.

ఇందుకు టోనీ మోరిసన్ రాసిన ‘రెసిటటిఫ్’ను మించిన కథ నాకు తెలియదు. 1983లో వచ్చింది. ట్వైలా, రాబర్టా అనే ఎనిమిదేళ్ల పిల్లలిద్దరు ఒక ఆశ్రమంలో ఒకే గదిలో ఉంటారు. ఇద్దరికీ తల్లులున్నారు. ఒకావిడ రాత్రంతా డాన్సులు చేస్తుంది, ఇంకొకావిడకి జబ్బు. ఒక పిల్ల తెల్లజాతి, ఒక పిల్ల నల్లజాతి. ఎవరు ఏదో మోరిసన్ చివరిదాకా చెప్పదు. 2022లో ఈ కథ విడి పుస్తకంగా వచ్చింది, జేడీ స్మిత్ ముందుమాటతో. ఆ ముందుమాట చాలా బాగుంటుంది, కానీ ముందు చదవకండి. చదివితే జాగ్రత్తపడిపోతారు. గుట్టు నేనే విప్పేశానని మాత్రం బాధపడకండి. తెలిసినా మనసు ఆగదు. మా వదినకి అంతా చెప్పే చదివి వినిపించాను.

వదిన న్యూజెర్సీలో ఉండబట్టి ఇరవై ఏళ్లు దాటింది. మొన్న వేసవిలో విజయవాడ వచ్చినప్పుడు, మధ్యాహ్నం భోజనాలయ్యాక, నేను ఇంగ్లీషులో చదువుతూ తెలుగులో చెబుతుంటే వింది. రాబర్టా తల్లి రాగానే ఆపేసింది.

“రాబర్టా నల్లపిల్ల. రాసుకో.”

“ఎలా చెప్పావు వదినా?”

“వాళ్లమ్మ అంత భారీ మనిషి, గుండెల మీద అంత శిలువ, చేతిలో అంత బైబిలు. ఆదివారం చర్చీల దగ్గర నేను చూడనిదా?”

నా మార్జిన్‌లో అప్పటికే ట్వైలా పేరు పక్కన ‘నల్ల’ అని ఉంది. కారణం: ‘తల్లి రాత్రంతా డాన్సులు, పిల్లని పట్టించుకోదు.’ నా చేతిరాతే. నేను అమెరికాలో ఒక్కరోజు ఉండలేదు. ఒక్క నల్లజాతి తల్లితో మాట్లాడలేదు. అయినా ఆ తల్లి నాకు ఎప్పటి నుంచో తెలిసినట్టు రాసేశాను. ఎవరు పరిచయం చేశారు నాకు ఆవిణ్ని? ఆ రాత్రి చాలాసేపు కూర్చుని చూసుకుంటే, నేను చూసిన ఇంగ్లీషు సినిమాలు తప్ప ఇంకేమీ గుర్తు రాలేదు.

కథలో తర్వాత రాబర్టాకి డబ్బున్న భర్త, పనివాళ్లు, డ్రైవరున్న కారు వస్తాయి. వదిన వెంటనే, “అయితే తెల్లదే. కొట్టెయ్ అది,” అంది. కొట్టెయ్యలేదు. మీరూ కొట్టెయ్యకండి, రబ్బరు దగ్గర పెట్టుకోకండి. పాత మాట అలాగే ఉంచి కింద కొత్తది, దాని కారణం రాయండి. రాబర్టా పేరు కింద ఇప్పుడు రెండు వరసలున్నాయి: ‘నల్ల – భారీ తల్లి, బైబిలు’, ‘తెల్ల – డబ్బు’. వదిన ఆ రెండో వరస చూస్తూ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, “మా ఆఫీసులో నా పై మేనేజరు నల్లావిడే తెలుసా,” అంది. పన్నెండేళ్లుగా రోజూ చూస్తున్న మనిషి కూడా ఆ లెక్కని మార్చలేకపోయింది.

అందుకే ఒంటరిగా చదవకండి. మీతో ఏకీభవించే మంచివాళ్లతో అసలు చదవకండి. మాటకి మాట చెప్పే మనిషిని పక్కన కూర్చోబెట్టుకోండి.

ఇంకో సలహా చాలామందికి నచ్చదు. అలెక్స్ హేలీ ‘రూట్స్’ని మనం సహవాసి గారి ‘ఏడు తరాలు’గా చదివి, అందులో బానిసగా మారిన కుంటా కింటే కోసం ఏడ్చాం. నేనూ ఏడ్చాను. ఆ కన్నీళ్లని లెక్కలో వేసుకోకండి. సంకెళ్లలో ఉన్నవాడి మీద జాలిపడటానికి మనలో ఏదీ మారనక్కర్లేదు. అదే పుస్తకం బీరువాలో ఉన్న ఇళ్లలోనే హైదరాబాద్‌లో చదువుకోవడానికి వచ్చిన ఆఫ్రికా కుర్రాడికి గది అద్దెకివ్వమంటే “వాళ్లకా?” అన్న మాట విన్నాను. మన జాలి అవసరం లేని నల్లజాతి మనిషి ఉన్న కథ చదవండి. ఎక్కడ చిరాకు పుట్టిందో అక్కడ గీత పెట్టండి.

వర్ణన స్పష్టంగా ఉన్నా మనసు దాటేస్తుంది. సుజాన్ కాలిన్స్ ‘ది హంగర్ గేమ్స్’లో రూ అనే చిన్నపిల్ల ఒళ్లు ముదురు గోధుమ రంగు అని రచయిత్రి సూటిగానే రాసింది. 2012లో సినిమా వచ్చి ఆ పాత్రలో అమాండ్లా స్టెన్‌బర్గ్ కనిపించగానే, కొందరు పాఠకులు సోషల్ మీడియాలో మండిపడ్డారు. పుస్తకంలో రూని చూస్తే కథానాయికకి తన చెల్లెలు గుర్తొస్తుంది. చెల్లెల్లా ముద్దొచ్చే పిల్ల, పైగా అమాయకురాలు కాబట్టి తెల్లగా ఉంటుందని వాళ్లు ముందే అనుకున్నారు. కళ్లు ఆ వాక్యం మీదుగానే వెళ్లాయి.

మన దగ్గరా అంతే. తెలుగు నవల తీసుకుని రంగు చెప్పిన చోటల్లా ఆగండి. తెల్లగా ఉన్న మనిషిని మనం ‘ఎర్రగా బుర్రగా’ అంటాం, అక్కడ ఇంకేమీ అడ్డు రాదు. ‘నల్లగా ఉన్నా కళగల ముఖం’ దగ్గర ఆగి, ఆ ‘ఉన్నా’ చుట్టూ సున్నా చుట్టండి. పెళ్లిచూపుల మాటల్లో పుట్టి పెరిగిన ఆ ‘ఉన్నా’నే మనం విమానం ఎక్కించి న్యూజెర్సీ దాకా తీసుకెళ్లాం. అక్కడ ఇల్లు కొనేటప్పుడు ‘ఆ ఏరియా అంత మంచిది కాదంట’ అనడంలో అదే పలుకుతుంది.

చివరగా, గుర్తులు పెట్టడం అయిపోయాక పుస్తకం మూసేయకండి. గుర్తు పెట్టని చోట్లు వెతకండి. ‘రెసిటటిఫ్’లో మాగీ అని ఒకావిడ ఉంది. ఆశ్రమం వంటింట్లో పనిచేస్తుంది, మాట రాదు, కాళ్లు వంకర. తోటలో ఆవిడ పడిపోయిన సంఘటన కథంతా వెంటాడుతుంది. చాలా ఏళ్ల తర్వాత, మాగీ నల్లజాతి మనిషని రాబర్టా అంటే, ట్వైలాకి ఆ సంగతి గుర్తుండదు. ఇద్దరూ వాదించుకుంటారు.

అక్కడికొచ్చాక నేను వెనక్కి వెళ్లి నా కాపీ చూసుకున్నాను. ట్వైలాకి ఒక గుర్తు, రాబర్టాకి రెండు, తల్లులకి చెరొకటి ఉన్నాయి. మాగీ పేరు పక్కన ఏమీ లేదు. ఆవిడ ఏ రంగో నేను అడగనే లేదు. వంటింట్లో పనిచేసే మూగ మనిషికి ముఖం కూడా ఊహించుకోలేదు. వదిన కూడా అడగలేదు. ఆ మార్జిన్‌ని అలాగే ఖాళీగా ఉంచాను.