చక్రం కింది రాతికి ఫిట్‌నెస్ సర్టిఫికెట్ కోరుతూ బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ రవాణా కమిషనర్ గారి సముఖానికి,

విషయం: ట్రాక్టరు ట్రాలీల బ్రేకు బాధ్యతలను తాత్కాలికంగా నిర్వహిస్తున్న రాతిని క్రమబద్ధీకరించడం గురించి.

బేతంచెర్ల, బనగానపల్లె, ఎర్రగుంట్ల, జమ్మలమడుగు ప్రాంతాల్లో నాపరాళ్ళు నింపుకున్న ట్రాలీ మిట్ట మీద ఆగినప్పుడు, వెంట ఉన్న కూలీ కిందికి దూకి చక్రం కింద ఒక రాయి పెట్టడం, కదిలేటప్పుడు దాన్ని తీసి మళ్ళీ ట్రాలీలో వేసుకోవడం అక్కడివారు ఎరిగిన ఆచారమే. చట్టం బ్రేకుకు అప్పగించిన పనిని ఈ రాయి జీతభత్యాలు గానీ, గెజిట్ ప్రకటన గానీ లేకుండా చేసుకుపోతున్నందున, దానికి వాహన భాగంగా గుర్తింపును, ఏటేటా పరీక్షను, ఫిట్‌నెస్ సర్టిఫికెట్‌ను ప్రసాదించవలసిందిగా ఈ లేఖ విన్నవించుకుంటోంది.

ఊళ్ళలో ట్రాలీ అని పిలిచే ట్రైలర్ అంటే మరొక మోటారు వాహనం లాక్కుపోయే వాహనమని 1988 నాటి మోటారు వాహనాల చట్టం నిర్వచించింది. సొంత ఇంజను లేకపోయినా దాన్ని కూడా మోటారు వాహనాల్లోనే లెక్కించింది. ప్రతి మోటారు వాహనమూ అన్ని వేళలా నడిపేవారి అదుపులో ఉండేలా నిర్మించి, అలాగే కాపాడుకోవాలని 109వ సెక్షన్ చెబుతుంది. బ్రేకుల వంటి నిర్మాణ విషయాల్లో నిబంధనలు చేసే అధికారం 110వ సెక్షన్ కింద కేంద్రానిది కాగా, 1989 నాటి కేంద్ర నిబంధనల్లో 96వది బ్రేకులకే కేటాయించి ఉంది. అయితే రిజిస్ట్రేషన్ చేసేదీ, తనిఖీ చేసేదీ రాష్ట్ర శాఖే కాబట్టి ఈ లేఖ ఢిల్లీ దాకా పోలేదు. లాగే వాహనం నంబరు చివరి ట్రైలర్ మీద కనిపించాలని 61వ సెక్షన్ అంటుంది; ఆ నంబరు ఈ సీమలో ఉన్నచోట కూడా తరచుగా నాపరాతి దుమ్ము కింద విశ్రాంతి తీసుకుంటూ ఉంటుంది.

ఇక యంత్రం సంగతి. సాధారణ ట్రాక్టరుకు బ్రేకులు వెనుక చక్రాలకే ఉంటాయి. దుక్కిలో ఇరుకుగా మలుపు తిప్పుకోవడానికి వీలుగా కుడి, ఎడమలకు వేర్వేరు పెడళ్ళు ఉంటాయి, రోడ్డెక్కేముందు ఆ రెండింటినీ గొళ్ళెంతో కలపాలి. గొళ్ళెం వేయడం మరిచి ఒక పెడలే తొక్కితే బండి ఆగడానికి బదులు పక్కకు తిరుగుతుంది. రెండు టన్నుల ట్రాక్టరు ఒంటరిగా 10 మీటర్లలో ఆగుతుందనుకుంటే, దానికి బ్రేకు లేని ఆరు టన్నుల ట్రాలీని తగిలించినప్పుడు బరువు నాలుగింతలవుతుంది. బ్రేకు బలం మారదు కాబట్టి, అదే వేగంలో ఆగడానికి సుమారు 40 మీటర్లు కావాలి. ఇది చదును నేల లెక్క. దిగుడులో ట్రాక్టరు నెమ్మదించినా ట్రాలీ నెమ్మదించదు, రెంటినీ కలిపే పిన్ను దగ్గర ముందుకు తోస్తుంది. ఆ తోపుడు కొంచెం వంకరగా తగిలితే ట్రాక్టరు వెనుక భాగం పక్కకు జరిగి, రెండు బళ్ళూ కత్తి మడతపడినట్లు మడతపడతాయి. చక్రం కింది రాయి ఆగిన బండికే కాపలా కాయగలదు గానీ, కదిలే బండికి దాని వల్ల ప్రయోజనం లేదు, పైగా అది కూడా బరువే. విచిత్రమేమిటంటే, ట్రాలీని ఎత్తి సరుకు దింపడానికి ట్రాక్టరు హైడ్రాలిక్ నూనె గొట్టం గుండా వెనక్కి పోతుంది, ఆపడానికి మాత్రం పోదు.

బ్రిటన్‌లో స్థూల బరువు 750 కిలోలు దాటిన ట్రైలర్‌కు బ్రేకు తప్పనిసరి. చెడిపోయిన వాహనాన్ని తాడుతో లాగడానికి 2017 దాకా అమల్లో ఉన్న మన దేశపు 1989 నాటి రహదారి నియమాలు కూడా రెంటి మధ్య దూరం 5 మీటర్లకు మించరాదనీ, వేగం గంటకు 24 కిలోమీటర్లు దాటరాదనీ శ్రద్ధగా నిర్దేశించాయి. చచ్చిన కారుకు దక్కిన ఈ ఆదరం బతికున్న ట్రాలీకి రోడ్డు మీద కనిపించదు.

దీనికి కారణం వర్గీకరణలో ఉంది. కేంద్ర నిబంధనలు వ్యవసాయ ట్రాక్టరును రవాణాయేతర వాహనంగా పరిగణిస్తాయి. సర్టిఫికెట్ కోసం క్రమం తప్పక పరీక్షకు రావలసింది రవాణా వాహనాలే. ట్రాక్టరు, ట్రైలర్ జంట సరుకు రవాణా వాహనమేనని 2005లో నట్వర్ పారిఖ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చినా, ఆచరణలో వ్యవసాయం పేరుతో రిజిస్టరైన ట్రాలీ వేరుశనగ కాయలు మోసినప్పుడూ, గని నుంచి బండలు మోసినప్పుడూ అదే పేరుతో తిరుగుతుంది. గురుత్వాకర్షణకు పట్టాదారు పాసుపుస్తకం చూసే అలవాటు లేదు. సరుకు పేరును బట్టి గాక బరువును బట్టి పరీక్ష పెట్టడమే న్యాయం. రైతు మీద భారం పడుతుందన్న అభ్యంతరం నిజమే గనుక, పరీక్ష రుసుమును ప్రభుత్వం మాఫీ చేయవచ్చు, పరీక్షను మాత్రం మాఫీ చేయరాదు.

రాతికి గుర్తింపు ఇవ్వడం శాఖకు నామోషీ అనిపించే పక్షంలో మరొక మార్గం కూడా ఉంది. ట్రాలీని కార్యాలయం ఆవరణలో ఖాళీగా నిలబెట్టి చూడక, రిజిస్ట్రేషన్ పత్రంలో రాసిన పూర్తి బరువుతో కడప, రాయచోటి దారిలోని గువ్వలచెరువు ఘాట్ దింపించి పరీక్షించవచ్చు. ట్రాక్టరు మడ్‌గార్డు మీద కూర్చోవడం నిబంధనలకు విరుద్ధం గనుక ఇన్‌స్పెక్టరు గారు జీపులో రావచ్చు. ఆ జీపు ట్రాలీకి వెనుక ఉండాలి తప్ప ముందు మాత్రం ఉండకూడదు.